ఇరుసు బెజ్జం: ఒక చిన్న కొయ్యబండి చరిత్ర

రథాలను గురించి, రథికులను గురించి మన సాహిత్యం ఎంతో చెప్పింది. ధ్వజాల మీది చిహ్నాలను, గుర్రాల వన్నెలను, సారథుల నేర్పును వర్ణించింది. ఆ రథం నడవడానికి మూలమైన ఒక చిన్న రంధ్రాన్ని గూర్చి మాత్రం చరిత్ర గ్రంథాలు అంతగా పట్టించుకోలేదు. చక్రం నడుమ ఇరుసు దూరే ఆ బెజ్జం సరిగా ఉంటే బండి సాగుతుంది. వంకరపోతే ఎంతటి బండియైనా దారి తప్పుతుంది. మానవ నాగరికతలో చక్రానికి దక్కిన కీర్తిలో సగభాగం న్యాయంగా ఈ బెజ్జానికి చెందవలసి ఉన్నది.

ఈ విషయం నా ఆలోచనలోకి వచ్చిన సందర్భం చాలా చిన్నది. అమెరికాలో ఉంటున్న మా చెల్లెలి కుమారుడు, తొమ్మిదేళ్ళవాడు, ఒక రాత్రి ఫోనులో తన చేతిలోని కొయ్య కారును చూపించి, "మామయ్యా, ఇది ఎప్పుడూ కుడివైపుకే పోతోంది. ఎందుకు?" అని అడిగాడు. కారు అందంగా ఉంది. ఎర్రరంగు పూసి, ముక్కు నునుపుగా అరగదీశారు. కాని అడుగు భాగం చూపించినప్పుడు నాలుగు మేకులూ నాలుగు దిక్కులకు చూస్తున్నట్లు కనిపించాయి. చరిత్ర చదువుకున్నవాడినే గాని వడ్రంగం తెలిసినవాడిని కాను. అప్పటికి జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసం చేసిన అన్వేషణే ఈ వ్యాసం.

సబ్బుపెట్టెల నుండి దేవదారు దిమ్మె వరకు

మా మేనల్లుడు పాల్గొనబోతున్న పోటీని పైన్‌వుడ్ డెర్బీ అంటారు. దాని పూర్వరూపం సోప్‌బాక్స్ డెర్బీ. 1933లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో మైరన్ స్కాట్ అనే పత్రికా ఛాయాగ్రాహకుడు, చెక్క పెట్టెలకు పాత చక్రాలు బిగించుకొని వాలుగా ఉన్న వీధిలో పందేలు వేసుకుంటున్న పిల్లలను చూశాడు. ఆర్థిక మాంద్యం అమెరికాను కుంగదీసిన రోజులవి. డబ్బు పెట్టి ఆటవస్తువు కొనలేని పిల్లలు దొరికిన వస్తువుతో బండి చేసుకున్నారు. ఆ వినోదం 1934లో దేశవ్యాప్త పోటీగా రూపొంది, 1935లో ఏక్రన్ నగరానికి తరలింది. మరుసటి సంవత్సరం అక్కడ ప్రత్యేకమైన పందెపు బాట నిర్మింపబడింది.

ఈ బండ్లలో పిల్లలు స్వయంగా కూర్చుని నడిపేవారు. అందుచేత వయోనియమం ఉండేది. కాలిఫోర్నియాలోని మన్‌హాటన్ బీచ్‌లో నివసిస్తున్న డొనాల్డ్ మర్ఫీ కుమారునికి 1953 నాటికి ఆ వయస్సు రాలేదు. మర్ఫీ నార్త్ అమెరికన్ ఏవియేషన్ అనే విమాన నిర్మాణ సంస్థలో ఉద్యోగి. రెండవ ప్రపంచ యుద్ధంలో ప్రసిద్ధి పొందిన మస్టాంగ్ యుద్ధవిమానం ఆ సంస్థ నిర్మించినదే. స్థానిక బాల స్కౌటు దళానికి ఆయన నాయకుడు కూడా. కూర్చుని నడపలేని పిల్లవాడు చేతిలో పట్టే బండిని చేసి, వాలుబల్ల మీద వదలి పందెం వేయవచ్చునని ఆయనకు తోచింది. తాను పనిచేసే సంస్థలోని మేనేజ్‌మెంట్ క్లబ్బు ఇందుకు తోడ్పడింది. 1953 మే 15న మొదటి పందెం జరిగింది. 1954లో స్కౌటు సంస్థ దీనిని దేశమంతటా ప్రవేశపెట్టింది. మర్ఫీ 2008లో మరణించాడు. 2018 నుండి బాలికలకు కూడా ఈ చిన్నపిల్లల దళాలలో ప్రవేశం లభించింది. బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికాగా పేరొందిన మాతృసంస్థ 2025 ఫిబ్రవరిలో స్కౌటింగ్ అమెరికా అని పేరు మార్చుకున్నది.

పోటీలో పాల్గొనే పిల్లలందరికీ ఒకే రకమైన పెట్టె ఇస్తారు. అందులో 7 అంగుళాల పొడవు, ఒకటిముప్పాతిక అంగుళాల వెడల్పు, ఒకటింబావు అంగుళాల మందం గల పైన్ చెక్క దిమ్మె, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, నాలుగు మేకులు ఉంటాయి. ఆ మేకులే ఇరుసులు. పైన్ మన హిమాలయాల్లో పెరిగే సరళ వృక్షపు జాతికి చెందిన మెత్తని కలప. వాడుకలో దానిని కూడా దేవదారు అనే అంటుంటారు. బండి బరువు సాధారణంగా 5 ఔన్సులు, అనగా సుమారు 142 గ్రాములు మించరాదు. దానికి యంత్రం లేదు, తోసేవారు లేరు. భూమ్యాకర్షణ ఒక్కటే చోదకశక్తి.

ఒక డిగ్రీ చేసే అపకారం

అందరి కలపా ఒకటే, చక్రాలూ మేకులూ బరువూ ఒకటే అయినప్పుడు గెలుపోటములను నిర్ణయించేది ఏమిటి? చూడగానే అందరి దృష్టీ కారు ఆకృతి మీదికి పోతుంది. నిజానికి చిక్కంతా ఇరుసు దగ్గర ఉన్నది.

బాట ప్రారంభ స్థానం ముగింపు కంటే నాలుగడుగులు ఎత్తున ఉన్నదనుకుందాం. అంత ఎత్తు నుండి దిగే వస్తువుకు ఏ ఘర్షణా లేకపోయినా వచ్చే వేగం సెకనుకు సుమారు 4.9 మీటర్లు మాత్రమే. ఆ పైన ఒక్క పిసరు వేగమైనా ఎవరూ సంపాదించలేరు. కాబట్టి పోటీ అంతా ఉన్నదానిని పోగొట్టుకోకుండా ఉండటంలోనే ఉన్నది. చక్రం మేకు మీద రాసుకునే చోట కొంత వేగం పోతుంది. బాట నడుమ కారును దారిలో ఉంచడానికి ఒక పట్టె ఉంటుంది; కారు పక్కకు లాగినప్పుడల్లా చక్రం ఆ పట్టెను ఒరుసుకొని మరికొంత వేగం పోతుంది.

ఈ రెండవ నష్టానికి మూలం బెజ్జమే. ముందరి రెండు మేకులు వెనుకవాటికి సమాంతరంగా ఉండక ఒక డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నాయనుకుందాం. ముందువెనుక ఇరుసుల నడుమ దూరం 11 సెంటీమీటర్లయితే, ఆ కారు తిన్నగా పోక, సుమారు ఆరు మీటర్ల పైచిలుకు వ్యాసార్ధం గల వృత్తం మీద వంపు తిరగడానికి ప్రయత్నిస్తుంది. మొదటి మీటరు దూరం పోయేసరికే అది సుమారు 8 సెంటీమీటర్లు పక్కకు జరగాలని చూస్తుంది. మధ్యపట్టె దానిని అడ్డుకుంటుంది. ఇక పందెం ముగిసేవరకు కారుకూ పట్టెకూ పోరాటమే. చేతితో పట్టుకుని వేసిన బెజ్జంలో ఒక డిగ్రీ తేడా కంటికి ఆనదు. దిమ్మె వెడల్పు పొడుగునా బరమా ఒక డిగ్రీ ఒరిగితే ఆవలి వైపున వచ్చే తేడా ముప్పాతిక మిల్లీమీటరు మాత్రమే. కన్ను క్షమించే ఆ దోషాన్ని బాట క్షమించదు.

ఎత్తులో తేడా మరొక దోషం. నాలుగు బెజ్జాలలో ఒకటి కొంచెం పైకి ఉంటే ఆ చక్రం నేలను తాకక గాలిలో తేలుతుంది. అనుభవజ్ఞులు కొందరు ఒక ముందరి చక్రాన్ని కావాలనే పైకెత్తి, మూడు చక్రాల మీద నడిపిస్తారు. తిరిగే చక్రం ఒకటి తగ్గితే నష్టమూ కొంత తగ్గుతుందని వారి లెక్క. తెలిసి చేసినది నేర్పు, తెలియక జరిగినది తప్పు.

పెట్టెలో వచ్చే దిమ్మెకు అడుగున రెండు గాళ్ళు ముందే కోసి ఉంటాయి. మేకులను వాటిలోకి నొక్కితే సరిపోతుంది. అయితే ఆ గాళ్ళు ఎల్లప్పుడూ అంచుకు లంబంగా ఉండవు. అందువల్ల పట్టుదల గలవారు గాళ్ళను విడిచి, పక్క నుండి కొత్త బెజ్జాలు వేసుకుంటారు. మేకు లావు దాదాపు 2.2 మిల్లీమీటర్లు, ఆ కొలతకే సరిపోయే సన్నని మొనను ఎన్నుకోవాలి. మొన సన్ననైన కొద్దీ అది వంగే స్వభావం కలిగి ఉంటుంది. పైన్ కలపలో ప్రతి సంవత్సరపు వలయంలోనూ వసంతంలో పెరిగిన మెత్తని పొర, వేసవి చివర పెరిగిన గట్టి పొర పక్కపక్కనే ఉంటాయి. తిరుగుతున్న మొన గట్టి పొర తగలగానే తప్పుకొని మెత్తని పొరలోకి జారుతుంది. బెజ్జం వంకరపోవడంలో చేతి దోషం కొంతే, చెక్క స్వభావం చాలా ఉన్నది.

బరమా నడిచిన దారి

గట్టి పదార్థంలో తిన్నని బెజ్జం వేయడమన్నది మానవుడు సాధించిన అతి ప్రాచీన విద్యలలో ఒకటి. భారత ఉపఖండం ఈ విద్యలో అగ్రగామిగా నిలిచింది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ నవీన శిలాయుగ సమాధులలో దొరికిన దంతాలకు నిపుణంగా వేసిన రంధ్రాలున్నట్లు 2006లో ప్రకటితమైన పరిశోధన వెల్లడించింది. తొమ్మిదిమందికి చెందిన పదకొండు దంతాలలో ఈ రంధ్రాలు కనిపించాయి. అవి 7,500 నుండి 9,000 సంవత్సరాల నాటివి. పూసలకు బెజ్జాలు వేసే చెకుముకి మొనలనూ, విల్లుతో తిప్పే బరమానూ ఇందుకు వాడి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం.

సింధు నాగరికత కాలానికి ఈ విద్య పరాకాష్ఠను అందుకున్నది. పది సెంటీమీటర్లు మించిన పొడవు గల ఎర్రని కార్నీలియన్ పూసలలో ఈ చివరి నుండి ఆ చివరికి సన్నని బెజ్జం వేసిన పనివారు చన్హుదారోలో ఉండేవారు. ఆ పూసలు సముద్రం దాటి మెసొపొటేమియాలోని ఉర్ రాజ సమాధుల వరకు చేరాయి. వారు వాడిన మొనలు ప్రత్యేకమైన గట్టిరాతితో చేసినవి. చన్హుదారోలో 1935-36లో తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకే గౌరవార్థం, 1990ల తొలినాళ్ళలో కెనోయర్, విడాలే అనే పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ రాతికి ఎర్నెస్టైట్ అని పేరు పెట్టారు.

ఆ పనివారి పద్ధతిలో గమనించదగిన అంశం ఒకటి ఉన్నది. వారు పూసను ఒకే వైపు నుండి తొలిచేవారు కాదు. ఒక చివరి నుండి సగం, రెండవ చివరి నుండి సగం తొలిచి నడుమ కలిపేవారు. ఎంత దూరం తొలిస్తే అంత తేడా పెరుగుతుంది. రెండు వైపుల నుండి వస్తే తేడా సగమవుతుంది. నాలుగున్నర వేల సంవత్సరాల నాటి ఈ సూక్ష్మం నేటి కొయ్య కారుకూ వర్తిస్తుంది.

పరికరం మాత్రం చాలా మారింది. విల్లు బరమా వేల సంవత్సరాలు రాజ్యమేలింది. పదిహేనవ శతాబ్ది ప్రాంతంలో ఐరోపాలో వంపుపిడి బరమా వాడుకలోకి వచ్చింది. విల్లు బరమా ముందుకూ వెనుకకూ తిరిగితే ఇది ఒకే దిశలో ఆగకుండా తిరిగింది. 1863లో అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన స్టీఫెన్ మోర్స్ మెలిదిరిగిన గాడి గల ఉక్కు మొనకు పేటెంటు పొందాడు. తొలిచిన పొట్టు ఆ గాడి వెంట తానే బయటికి రావడం దాని విశేషం. 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో విద్యుత్తుతో తిరిగే బరమా, 1917లో తుపాకి పిడి వంటి పట్టు గల చేతి యంత్రానికి అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ సంస్థకు పేటెంటు వచ్చాయి. వేగం పెరిగింది, శ్రమ తగ్గింది. కాని మొనను ఎక్కడ ఆనించాలి, ఏ దిశలో నడపాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే పని నేటికీ మనిషిదే.

ఖం, సుఖం

హరప్పా, మొహెంజొదారో, చన్హుదారో నగరాల శిథిలాలలో కాల్చిన మట్టితో చేసిన ఆటబండ్లు విరివిగా దొరికాయి. మట్టి చట్రం మిగిలింది, మట్టి చక్రాలు మిగిలాయి. వాటిని కలిపిన పుల్లల ఇరుసులు కాలగర్భంలో కలిసిపోయాయి. ఇరుసు ఉండేదని మనకు చెబుతున్నది దాని కోసం విడిచిన బెజ్జమే. పచ్చిమట్టిలో పుల్ల గుచ్చి తీసి, ఆరబెట్టి, కాల్చిన ఆ బెజ్జాలలో కొన్నిటిలోనైనా ఒక పిల్లవాడి చేయి ఉండే ఉంటుంది. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్, నేటి అహిల్యానగర్ జిల్లాలోని దైమాబాద్‌లో 1974లో లభించిన కంచు శిల్పాలలో రెండు ఎడ్లు లాగే బండి, దాని మీద నిలుచున్న మనిషి ఉన్నారు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని సినౌలీ సమాధులలో గట్టి చక్రాల బండ్లు బయటపడ్డాయి. అవి రథాలా, ఎడ్లబండ్లా అన్న చర్చ పండితులలో సాగుతున్నది.

ఇరుసు, చక్రం కలిసే తీరు రెండు విధాలు. మొదటిది, ఇరుసూ చక్రమూ కలిసి తిరగడం. స్లొవేనియాలోని లుబ్లియానా బురదనేలల్లో 2002లో దొరికిన కొయ్యచక్రం సుమారు 5,150 సంవత్సరాల నాటిది. దాని నడుమ బెజ్జం చదరంగా ఉన్నది. ఇరుసు అందులో బిగిసి, చక్రంతో పాటే తిరిగేదన్నమాట. రెండవది, ఇరుసు కదలక, చక్రం మాత్రమే దాని మీద తిరగడం. దీనికి బెజ్జం గుండ్రంగా, నునుపుగా ఉండాలి. వదులుగా ఉంటే చక్రం ఊగుతుంది, బిగుతుగా ఉంటే తిరగదు. మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, వెలుపలి చక్రం వడిగా తిరిగే సౌకర్యం దీనిలోనే ఉన్నది. మన ఎడ్లబండ్లూ, అమెరికా పిల్లల కొయ్య కార్లూ ఈ రెండవ తరగతికి చెందినవే.

వైదిక వాఙ్మయంలో ఇరుసు అక్షం, చక్రపు నడిమి భాగం నాభి, ఆకులు అరలు. ఆ నాభిలోని రంధ్రానికి ఖం అని పేరు. ఋగ్వేదం ఎనిమిదవ మండలంలోని అపాల వృత్తాంతంలో, ఇంద్రుడు ఆమెను రథపు బెజ్జం నుండి, బండి బెజ్జం నుండి, కాడి బెజ్జం నుండి దాటించి శుద్ధి చేసినట్లు ఉన్నది. ఋభువులు అశ్వినీ దేవతలకు చేసి ఇచ్చిన రథాన్ని వేదం సుఖమైన రథమని విశేషించింది. మంచి ఖం గలది సుఖం, చెడ్డ ఖం గలది దుఃఖం అని ఒక వ్యుత్పత్తి ప్రచారంలో ఉన్నది. దీనిని అంగీకరించని భాషావేత్తలూ ఉన్నారు. ఏది ఎట్లున్నా సుఖ శబ్దం తొలుత తిన్నగా, తేలికగా సాగే రథానికి విశేషణంగా వాడబడిందన్నది మాత్రం విస్పష్టం. మనిషి తన మనఃస్థితికి పేరు వెదుకుతున్నప్పుడు వడ్రంగి పనిలోని మాట ఎదురుపడటం ఆలోచించదగిన విషయం. శ్రౌత గ్రంథాలు రథకారునికి వర్షర్తువులో అగ్న్యాధానం చేసే అధికారాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాయి. మీమాంసకులు దానిపై విడిగా ఒక అధికరణమే నడిపారు. బెజ్జం వేసే చేతికి ఆ సమాజం ఇచ్చిన గుర్తింపు ఎట్టిదో, ఎంత చర్చకు లోనైనదో దీనివల్ల తెలుస్తుంది.

మట్టిబండి, బంగారుబండి

చిన్నబండి పేరుతోనే వెలసిన ప్రసిద్ధ సంస్కృత నాటకం శూద్రకుని మృచ్ఛకటికం. పేదరికంలో పడిన చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారుబండితో ఆడుకొని, తరువాత తనకిచ్చిన మట్టిబండి వద్దని ఏడుస్తాడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిని నింపుతుంది. నాటక కథ అంతా ఆ నగల చుట్టూ మలుపు తిరుగుతుంది. ఆటవస్తువు దగ్గరనే పిల్లలకు సమాజపు ఎగుడుదిగుడులు మొదటిసారి తెలుస్తాయన్న సత్యాన్ని ఆ కవి ఏనాడో గుర్తించాడు.

అందరికీ ఒకే దిమ్మె, అవే నాలుగు మేకులు అన్న నియమం ఈ ఎగుడుదిగుళ్ళను తొలగించే సదుద్దేశంతో పెట్టినదే. ఆచరణలో అది పూర్తిగా నెరవేరలేదు. పెట్టె సమానమే కాని ఇళ్ళు సమానం కావు. ఒక ఇంటి వెనుక గదిలో నిట్టనిలువుగా దిగే డ్రిల్లింగ్ యంత్రం ఉంటుంది. మరొక ఇంట స్క్రూడ్రైవర్ తప్ప వేరే పనిముట్టు ఉండదు. ఒక తండ్రి ఇంజనీరు. మరొక తల్లి రెండు చోట్ల పనిచేసి రాత్రి ఇల్లు చేరుతుంది. అన్నిటినీ మించి, గెలవాలన్న ఆరాటం పిల్లల కంటే పెద్దలకే ఎక్కువైనప్పుడు బండిని పెద్దలే చేసి, పిల్లవాని చేతికి రంగు కుంచె మాత్రం ఇస్తారు. 1973లో ఏక్రన్ సోప్‌బాక్స్ పోటీలో విజేతగా ప్రకటించిన బాలుని కారు ముక్కులో విద్యుదయస్కాంతం దాచి ఉన్నట్లు బయటపడి, బహుమతి రద్దయింది. ప్రారంభ స్థానంలోని లోహపు అడ్డుబిళ్ళ పడిపోయేటప్పుడు ఆ అయస్కాంతం కారును ముందుకు లాగేట్లు అమర్చారు. అది పద్నాలుగేళ్ళ బాలుని ఒక్కని ఊహ కాదు. వెనుక పెద్దల చేయి ఉన్నది.

ఈ లోపాన్ని సరిచేసుకున్న పద్ధతులూ ఉన్నాయి. కొన్నిచోట్ల పోటీకి ముందు ఒక శనివారం అందరినీ ఒకచోట చేర్చి, పనిముట్లున్నవారు లేనివారి దిమ్మెలకు కూడా బెజ్జాలు వేయిస్తారు. కొన్నిచోట్ల పెద్దలకు వేరుగా ఒక పందెం పెట్టి వారి ఉబలాటం తీరుస్తారు. పెద్దల అవసరం ఏమిటో ఇక్కడ తేటపడుతుంది. యంత్రాన్ని పట్టవలసినది పెద్దలే. గీత గీయవలసినది మాత్రం పిల్లవాడు. గీత వానిదైతే బెజ్జం వానిదే.

తాటిబుర్రల బండి

మన పల్లెలలో ఈ పోటీ లేదు గాని బండ్లకు కొదవ లేదు. వేసవిలో రెండు తాటిబుర్రలు తెచ్చి, నడుమ ఒక పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ పరుగెత్తని పిల్లలు మా తరంలో అరుదు. బుర్ర నడిబొడ్డున పుల్ల దిగితే బండి నిశ్శబ్దంగా పరుగెత్తేది. ఒక వైపు ఒరిగితే కుంటుతూ గుంటలోకి ఈడ్చేది. ఇరుసును గూర్చి మేము నేర్చుకున్న తొలిపాఠం అదే. పాఠమని మాకు తెలియదు.

కొండపల్లి బొమ్మలలో ఎడ్లబండికి ప్రత్యేకమైన స్థానం ఉన్నది. తేలికైన తెల్ల పొణికి కర్రను చెక్కి, అవయవాలను విడివిడిగా చేసి, చింతగింజల పిండి మక్కుతో అతికిస్తారు. అది చూసి ఆనందించే బండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో మార్గం వేరు. అక్కడ అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ చెక్కి, తిరుగుతుండగానే లక్కరంగు పట్టిస్తారు. తరిమెన మీద చేసిన చక్రానికి ఒక సుగుణం ఉన్నది. అంచును చెక్కిన కేంద్రం నుండే బెజ్జం కూడా తొలిస్తే, రెండింటికీ మధ్యబిందువు ఒక్కటే అవుతుంది, చక్రం ఊగదు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజమైన రంగుల పునరుద్ధరణకు కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది.

ఈ గుర్తింపులు సంతోషదాయకమే. అయితే బొమ్మల గ్రామాలకు బయట, ఊరూరా ఉండిన బండి వడ్రంగి పరిస్థితి భిన్నమైనది. ట్రాక్టరు వచ్చిన తరువాత కొయ్యచక్రం చేయించేవారు తగ్గారు. రబ్బరు టైర్ల బండికి ఇరుసు బజారులో తయారుగా దొరుకుతుంది. నాభిని తొలిచి, ఆకులు దిగగొట్టి, కాల్చిన ఇనుప పట్టా తొడిగి, చల్లని నీటితో బిగించే ఆ విద్య పుస్తకాలలో లేదు. అది చేతి నుండి చేతికి వచ్చినది. చేయి ఆగిన చోట ఆగిపోతుంది. సుమతీ శతకకారుడు గ్రామ కరణానికి అనుకూలంగా నడుచుకోవలసిన అగత్యాన్ని చెప్పబోయి, ఇరుసుకు రాసే కందెనను ఉపమానంగా తీసుకున్నాడు. ప్రభుత్వోద్యోగిగా ఆ పోలిక నన్ను కొంత ఇబ్బంది పెట్టినా, ఇరుసు సంగతి ఆనాటి పాఠకులందరికీ కరతలామలకమని అది నిరూపిస్తున్నది. ఆముదంలో గడ్డి మసి కలిపి మనవారు కందెన చేసేవారు. అమెరికా పిల్లలు మేకులకు గ్రాఫైటు పొడి అద్దుతారు. రెండూ బొగ్గు జాతివే.

ముందు గీత, తరువాత బెజ్జం

మేనల్లుని ప్రశ్నను నేను చివరకు మా ఊరి వృద్ధ వడ్రంగి ముందు పెట్టాను. ఆయన బండిచక్రం చేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు తలుపులు, కిటికీలు బాగుచేస్తున్నాడు. ఫోనులో కారు బొమ్మ చూసి, "బెజ్జం వేయకముందే దాని దారి చెక్కకు రెండు మొహాల మీదా గీసుకోవాలి బాబూ. ఒకవైపు నుంచే తోస్తే బరమా మెత్తని దారి వెతుక్కుంటుంది. మనిషి లాంటిదే," అన్నాడు. ఆ తరువాత పనిని వరుసగా చెప్పాడు. మొదట దిమ్మె అడుగు భాగాన్ని చిత్రిక పట్టి చదును చేయాలి. అన్ని కొలతలకూ అదే ఆధారం. మూలమట్టంతో అడుగు మీద అడ్డంగా గీత గీసి, అదే గీతను రెండు పక్కలకూ ఎక్కించాలి. అడుగు నుండి బెజ్జం ఎత్తును నాలుగుచోట్లా ఒకే కొలపుల్లతో గుర్తించాలి; ప్రతిసారీ కొత్తగా కొలిస్తే ప్రతిసారీ కొత్త తప్పు వస్తుంది. గుర్తు మీద సూదిమొనతో చిన్న గుంట చేస్తే బరమా జారదు. గట్టి కర్రముక్కలో తిన్నగా ముందే వేసుకున్న బెజ్జాన్ని దారిగా ఆనించి, ఇటు నుండి సగం, అటు నుండి సగం తొలవాలి. కొంచెం దిగగానే మొనను వెనుకకు తీసి పొట్టు దులపాలి. బరువు వేసి నొక్కకూడదు.

చన్హుదారో పనివారి పేరు ఆయన వినలేదు. వారి సూక్ష్మం మాత్రం ఆయన చేతిలో ఉన్నది.

ఈ మాటలను నేను మేనల్లునికి తెలుగులోనే చెప్పాను; మూలమట్టం అంటే ఏమిటో వాడు తల్లిని అడిగి తెలుసుకున్నాడు. కొత్త దిమ్మె మీద గీతలు తానే గీశాడు. తండ్రి యంత్రం పట్టాడు. పందెంలో వాడు గెలవలేదు. మూడవ వరుసలోనే ఆగిపోయాడు. ఆ రాత్రి ఫోను చేసి, "మామయ్యా, ఈసారి తిన్నగా పోయింది. పట్టెకు ఒక్కసారే తగిలింది," అని చెప్పాడు. మా ఊరి ముసలాయనకు ఆ సంగతి చేరవేసినప్పుడు ఆయన అడిగినది ఒక్కటే: "గీత పిల్లవాడే గీశాడా?"

అవునన్నాను. ఆయన తల ఊపి, చేతిలోని కిటికీ రెక్క పని చూసుకున్నాడు.